ముద్దాయి

ఓక్లహోమా హైవే మీద
టైరు తెల్లగీత తాకిందని ఆపారు.
టికెట్ రాయలేదు.
కుక్క ఒకటి కారు చుట్టూ తిరిగి కూర్చుంది.
కూర్చోవడమే సాక్ష్యం.

సీటు కింద కాఫీ డబ్బాలో
పదకొండు వేల నాలుగొందల డాలర్లు,
లెమ్యూల్ ప్రూయిట్ పాత ట్రాక్టరు కొనబోతున్న డబ్బు,
ఏళ్ల తరబడి పెకాన్ చెట్లు దులిపిన డబ్బు.

"నిన్ను అరెస్టు చేయడం లేదు," అన్నాడు ఆఫీసరు
మర్యాదగానే. "వెళ్ళొచ్చు."

నెలకి కాగితం వచ్చింది:
రాష్ట్రం వర్సెస్ పదకొండు వేల నాలుగొందల డాలర్లు.
నేరం చేసింది నోట్లట.
నోట్లకి నోరు లేదు,
వకీలు ఫీజేమో ఆ నోట్లలోనే ఉంది.

వసంతంలో ఠాణాకి కొత్త కారొచ్చింది.
ఎర్ర లైటు దగ్గర దాని పక్కన ఆగి
లెమ్యూల్ కిటికీ దించి
కుక్కలా గాలి పీల్చాడు,
కాఫీ వాసన తగులుతుందేమోనని.