గ్రావోయ్ రోడ్డు మీద ఒక బ్యూక్

గురువారం. రాత్రి పడ్డ వానకి
కార్ల అద్దాల మీద రాసిన ధరలు సగం కారిపోయాయి.
డ్వేన్ బకెట్టు పట్టుకుని మళ్ళీ రాస్తున్నాడు,
ఈసారి వంద తగ్గించి.

నా పని లోపల.
అమ్మేది వాళ్ళు, అమ్మినట్టు చేసేది నేను.
టైటిల్ కాగితం, మైలు మీటరు అంకె,
అప్పు తీరిందని బ్యాంకు రాసిన ఉత్తరం,
చివరికో తాత్కాలికపు ప్లేటు, ముప్పై రోజులకి.
గడువులోగా పన్ను కట్టి అసలుది తెచ్చుకోమని
ప్రతివాళ్ళకీ చెబుతాను. సరేనంటారు.
సెయింట్ లూయిస్‌లో ఏ సిగ్నలు దగ్గర ఆగినా తెలుస్తుంది
ముప్పై రోజులు ఎంత పొడుగో.
పోయిన నవంబరు ప్లేట్లు, అంతకుముందటి నవంబరువి,
ఎండకి అంకెలు పాలిపోయి, చుట్టూ టేపు వేసుకుని,
పుట్టుమచ్చల్లా బండికి అంటుకుపోయినవి.

సెనాడా పదకొండింటికి వచ్చింది.
బెవో మిల్లు వైపు బేకరీలో పని,
ముంజేతుల మీద పిండి ఇంకా ఉంది.
బ్యూక్ అమ్మేస్తానంది.
సంచిలోంచి టైటిల్ తీసింది, ప్లాస్టిక్ కవరులో, మడత పడకుండా.
అంత శుభ్రమైన కాగితం ఈ బల్ల మీదికి రావడం అరుదు.

పేర్లు చదివాను.
మిర్సాద్ అండ్ సెనాడా.
మధ్యలో మాట మీద వేలు పెట్టాను.
"ఇద్దరి సంతకాలూ కావాలి."

"ఆయన పోయాడు."
అయ్యో అంటూనే సొరుగు లాగాను.
దానికి ఫారం ఉంది, మరణ పత్రం జత చేస్తే చాలు.
"చచ్చిపోలేదు," అంది. "పోయాడు."
సొరుగు సగంలో ఆగింది.
పోయినవాళ్ళు మా ఫారాల్లో ఒక్క రకమే.

ఫోను ఎత్తడట.
జాక్సన్‌విల్‌లో చూశామని ఒకరు,
కాదు దేశమే దాటాడని ఇంకొకరు.
కోర్టు ఉందిగా అన్నాను.
ఆ ఖర్చు ముందు బ్యూక్ ఏపాటిదో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు కలం తీసుకుంది.
"ఆయన సంతకం నాకొచ్చు.
పిల్లల స్కూలు కాగితాల మీద అన్నేళ్ళూ నేనే పెట్టాను."
నోటరీ ముద్ర నా మోచేతి పక్కనే ఉంది.
ఒక్క నిమిషం కాఫీ కోసం లేస్తే అయిపోయేది.
డ్వేన్ అద్దం అవతల్నుంచి బొటనవేలు ఎత్తి చూపాడు,
బ్యూక్ అతనికి నచ్చింది.

కాగితం మీద అరచెయ్యి పెట్టాను.
ఒక్క గీత తప్పినా ఇది చెల్లదు.
వైట్నరు పూసినా చెల్లదు. కొట్టేసి రాసినా చెల్లదు.
ఆవిడ కలానికి మూత పెట్టింది.
"మరి నడుపుకోవచ్చా?"
"నడుపుకో. అక్టోబరులో స్టిక్కరు మార్పించు,
దానికి నువ్వొక్కదానివి చాలు."
నడపడానికి ఒక్కరు చాలు,
వదిలించుకోవడానికే ఇద్దరు కావాలి.
ఇది ఆవిడతో అనలేదు.

ఆవిడ వెళ్ళాక మధ్యాహ్నమంతా ఆ అండ్ నన్ను వదల్లేదు.
మా భాషలో దానికి వేరే కుర్చీ వెయ్యం.
మరియు అని బడి పుస్తకాల్లో ఉంటుంది గాని
ఎవరి నోటైనా విన్నామా?
మాట చివర కాస్త సాగదీస్తాం, అంతే.
ఉప్పూ కారమూ. నువ్వూ నేనూ.
కలిపేది మధ్యలో ఉండదు,
ఇద్దరి దగ్గరా కొంచెం కొంచెం ఉంటుంది.
ఒకరు తమ దీర్ఘం తీసుకుని వెళ్ళిపోతే
రెండోవాళ్ళది అలాగే గాల్లో నిలబడి ఉంటుంది,
నేనూ, అంటూ.

ఆరింటికి కట్టేయబోతుంటే
ఒక కుర్రాడూ ఒక పిల్లా వచ్చారు,
తెల్ల నిస్సాన్ కోసం, నోట్లన్నీ కవర్లో లెక్కపెట్టుకుని.
టైటిల్ ఎవరి పేర?
"ఇద్దరి పేరా," అన్నాడు. పిల్ల నవ్వింది.
"అండా, ఆరా?"
తేడా ఏమిటన్నాడు.

చెప్పాను.
ఎన్నో ఏళ్ళ తర్వాత తొందర లేకుండా చెప్పాను.
వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.
పక్క బల్ల మీద ప్రింటరు వేడెక్కుతోంది,
ముప్పై రోజులు అచ్చు వెయ్యడానికి.