పద్నాలుగో బే

తెల్లవారుజామున మూడూ నలభై.
వేక్‌ఫీల్డ్ యార్డులో ఎవరో పక్క బండి అద్దం మీద
పాత బ్యాంకు కార్డుతో మంచు గీకుతున్నారు.
నా పసుపు జాకెట్టు ఇంకా మడతల మీదే ఉంది.
నన్ను చూసి గ్లెన్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మూడోసారికి పాసయ్యాను.
మొదటిసారి కోనుని గుద్దాను.
రెండోసారి సైకిలాయనకి భయపడి
పచ్చలైటు దగ్గర ఆగిపోయాను.
ఆ తర్వాత పదకొండు కంపెనీలు
రెండేళ్ళ అనుభవం ఉందా అన్నాయి.
లారీ ఇవ్వకుండా రెండేళ్ళు ఎక్కడ దొరుకుతాయండీ?
పన్నెండోది మోరీన్.
నా లైసెన్సు తిప్పి చూసి
సోమవారం నాలుగింటికి, అంది. అంతే.

కార్డు లోపలికి తోశాను.
టాకోగ్రాఫ్ కాసేపు ఆలోచించి
కట్టా సువార్త, అని చూపించింది.
ఈ దేశంలో నా పేరుని
ఎక్కడా నలపకుండా ఒప్పుకున్న మొదటిది.

మెల్లగా వెనక్కి పోనిస్తే
కింద ఎక్కడో ఇనుము ఇనుముని కరుచుకుంది.
నమ్మకు, లాగి చూడు, అన్నాడు గ్లెన్.
లాగాను. మళ్ళీ లాగాను.
ఎర్ర గొట్టం, పసుపు గొట్టం, కరెంటు తీగ,
ట్రైలర్ కాళ్ళు పైకి చుట్టు, చుట్టు, చుట్టు
భుజం ఊడొచ్చేదాకా.
నంబరు ప్లేటు మర్చిపోయాను.
'నా మొదటిరోజు నేను ట్రైలర్నే మర్చిపోయా,' అన్నాడు.
నిజమో, నాకోసం అప్పటికప్పుడు అల్లిందో.

సరుకు: ఇరవయ్యారు ప్యాలెట్ల టాయిలెట్ పేపరు.
బరువుండదు, కొండ మీద గాలికి ఊగుతుంది, జాగ్రత్త.
ఊగింది.
స్టీరింగు కాదు, నా పళ్ళు పట్టుకున్నాయి బండిని.
యాభయ్యారు మైళ్ళ దగ్గర ఇంజను ఇక నావల్ల కాదంది,
నాకూ అదే కావాలి.
ఒకచోట రోడ్డు రెండు పాయలైంది,
మధ్యలో ఒక రైతు ఇల్లు, కిటికీలో దీపం.
వాళ్ళు ఈ మోతలో ఎలా నిద్రపోతారో.

దించాల్సింది హేవుడ్ గోడౌనులో.
ఆరేళ్ళు అక్కడే రాత్రి డ్యూటీ చేశాను.
ఆరేళ్ళూ లారీల వీపులే చూశాను.
షట్టరు లేస్తే ఒక పెద్ద చీకటి నోరు,
అందులోంచి ఏ ఊరిదో చలి.
అవతలి కొసన ఎవరున్నారో ఎప్పుడూ అడగలేదు.
డ్రైవరంటే మాకు
కాగితం అడుగున ఒక కోడిగీతల సంతకం.

పద్నాలుగో బే, అన్నాడు గేటు దగ్గర కుర్రాడు.
నన్ను గుర్తుపట్టలేదు.
తోక కుడికి పోవాలంటే తల ఎడమకి తిప్పాలి:
ఈ ఒక్క ముక్క వంటబట్టడానికి
నాలుగు వారాలు, రెండు వేల పౌండ్లు పట్టింది.
వెనక్కి. ముందుకి. వెనక్కి. దిగి చూసి రా.
పక్క బేలో ఒకాయన ఫ్లాస్కు మూత తీసి
తీరిగ్గా సినిమా చూస్తున్నాడు.
చూడనీ. ఐదోసారికి
రబ్బరు దిమ్మలకి ఆనుకుంది, మెత్తగా.
ఆయన మూత ఎత్తి చూపించాడు, ఛీర్స్ అన్నట్టు.

తాళాలు కిటికీలో ఇచ్చేసి
క్యాబులో కూర్చోమన్నారు.
ఎర్రలైటు.
ప్యాలెట్ దిగినప్పుడల్లా నా సీటు కొంచెం కదిలింది.
మూడోదానికే తెలిసిపోయింది,
ఈ నడక ఇఫియోమాది.
ఖాళీ ట్రక్కుతో లోపలికి దూకుడు,
నిండుదాంతో బయటికి పెళ్ళికూతురి నడక.
ఫోన్ చేద్దామనుకున్నాను.
చెయ్యలేదు. లెక్కపెట్టాను.
ఇరవై నాలుగు, ఇరవై ఐదు,
చాలాసేపు ఏమీ లేదు, ఇరవయ్యారు.

అప్పుడు నా వీపు వెనకే, ట్రైలర్ ముందుగోడ మీద
రెండు దెబ్బలు.
అయిపోయింది, పొమ్మని.
ఆరేళ్ళు నేనూ కొట్టేదాన్ని అలాగే, అరచేత్తో,
ఎవరికన్నా వినపడతాయో లేదో తెలియకుండా.

వినపడతాయి.

పచ్చలైటు వెలిగింది.
నలభై మూడు నిమిషాలైంది,
మరో రెండు ఆగితే విరామం లెక్కలోకొస్తుంది.
అరటిపండు వొలుచుకున్నాను.