పట్టాలు

పోర్తోలో ముప్పై ఏళ్లు ట్రాము నడిపిన అబీలియు
తన మెదడు బొమ్మను తెరమీద చూసి
"ఇది మా డిపో మ్యాపే కదా" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు.
ఇక్కణ్ణించి అక్కడికి దారి సన్నం, అంది వేలు పెట్టి,
ఇటు దిగడం తేలిక,
ఎక్కేటప్పుడే కరెంటు తాగేస్తుంది.

అతనికి తెలుసు.
దిగులు నుంచి నిద్రకి
నేరుగా లైను లేదు;
కోపం దగ్గర దిగి బండి మారాలి.
ఎన్ని పళ్లాలు పగిలాయో ఆ స్టాపులో!

దియులిందా మాత్రం ఏ మ్యాపూ చూడలేదు.
రాత్రి పదకొండింటికి, అతని గొంతు గరుకెక్కకముందే,
నూనెలో వెల్లుల్లి వేస్తుంది.
ఆ చుంయ్‌మన్న చప్పుడుకి
ఎప్పుడో తుప్పుపట్టిందనుకున్న పట్టా ఒకటి
కిర్రుమని పక్కకి జరుగుతుంది.

రోజూ కాదు.
జరిగిన రోజు ఇద్దరూ తింటారు,
అర్ధరాత్రి, మాట్లాడకుండా.