చల్లని చోటు

మూడోసారి వచ్చింది మస్తాన్‌బీ,
నలభై రోజుల్లో మూడోసారి.
నోట్లో మిగలపండిన జామకాయ వాసన,
ఊపిరి కొలిమితిత్తిలా,
చక్కెర ఐదువందల అరవై.
కొంగు నిండా మిరపఘాటు;
పక్క మంచం పిల్లాడు రెండుసార్లు తుమ్మాడు.

మొదటి రెండు కేసుషీట్లలోనూ నా రాతే:
"మందు సరిగా వాడడం లేదు."
ఇప్పుడూ అదే రాయబోయాను.
రాత్రి రెండింటికి
చెయ్యి దానంతటదే రాసేస్తుంది ఆ మాట.

"వాడతన్నానయ్యా, అల్లా మీదొట్టు,
పొద్దున ఇరవై, మాపటికి పన్నెండు."
పొట్ట మీద సూది గుచ్చిన చోట్లు చూపించింది,
లెక్క తప్పకుండా.

సెలైను కడుతూ సలోమి సిస్టర్ అడిగింది,
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న:
"సీసా ఎక్కడ పెడతన్నావే?"

అప్పుడు చెప్పింది.
నల్లచెరువు సందు మొగలో ఏడుకొండలు సోడాబండి.
ఐసుపెట్టెలో గోళీసోడాల మధ్య
తన సీసాకో మూల ఉండేదట, మూడేళ్లు.
అద్దె అడగలేదు ఏనాడూ.
శివరాత్రి ముందు రోడ్డు వెడల్పు చేశారు.
బండి పోయింది. మనిషి ఎటుపోయాడో తెలీదు.
"ఇప్పుడు బియ్యం డబ్బాలో పెడతన్నా.
రేకులిల్లు గదయ్యా..."

బయట గుంటూరు ఏప్రిల్,
అర్ధరాత్రి దాటినా రేకు చల్లారదు.
యార్డులో కాయకి ఏసీ గోడౌను ఉంది.
తొడిమ తీసే చేతికి
వేలెడంత సీసా దాచుకునే చల్లని చోటు లేదు.

ఇన్నాళ్లూ మందు ఇచ్చి పంపాను.
ఆ మందు ఏ పూట చచ్చిపోయిందో అడగలేదు.

మర్నాడు సిస్టర్ ఫోన్లో ఎవరితోనో పోట్లాట.
పాలబూతు సాంబయ్యట.
"వంద పాకెట్లు పడతయ్యి, ఇదొక్కటి పట్టదా?"
అవతల చాలాసేపు గొణుగుడు.
కరెంటు పోతే తనది పూచీ కాదన్నాడట.
సరే అన్నట్టే.

మూడోనాడు డిశ్చార్జి చీటీ మీద
మోతాదు కింద రాశాను:
"పెట్టే చోటు: సాంబయ్య పాలబూతు, కింది అర."
పెద్ద డాక్టరు చూస్తే నవ్వుతాడేమో.
పాత షీట్లు రెండూ తెప్పించి
నా వాక్యాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.
గీత కింద అది కనిపిస్తూనే ఉంది.

చీటీ మడిచి జాకెట్లో దోపుకుని
"ఇప్పుడెళ్తే సగం కూలన్నా ఇస్తాడా" అంటూ
చెప్పులు వెతుక్కుంది మస్తాన్‌బీ.

ఎనిమిదో మంచం మీద కొత్త మనిషి.
చిరునామా గడిలో: బస్టాండు, ఏడో ప్లాట్‌ఫారం.
పెన్ను మూత తీశాను.
ముందు ఏం అడగాలో
ఇంకా సరిగ్గా తెలీదు.