మూడోది

వాన పడుతున్న మంగళవారం.
రియోని నది బురదరంగులో పొంగి
వంతెన కాళ్ళు తడుముతోంది.
ఎతేరి పాత ఓపెల్ నా షెడ్డులోకి
మూడు కాళ్ళ మేకలా వచ్చింది.

డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం
వెలగడం కాదు, కొట్టుకుంటోంది.
"ఊరికే వెలిగితే తీరిగ్గా రావచ్చు,
ఇలా కొట్టుకుంటే అక్కడికక్కడే ఆపాలి" అన్నాను.
"రికోతి కనుమ మధ్యలో ఆపితే
జున్ను ఎవరు మోస్తారు?" అంది.
ఒంటి నిండా నలుపు.
కుతాయిసీలో నల్లబట్టకి కారణం అడగరు.

కళ్ళు మూసుకుని ఇంజన్ విన్నాను.
ఒకే రోట్లో నలుగురు దంచుతుంటే
ఒకరి రోకలి గాల్లో ఆగిపోయినట్టుంది.
మా కుర్రాడు జాబా యంత్రం తగిలించి చదివాడు:
మూడో సిలిండర్.
"కాయిల్ పోయింది, కొత్తది వేసేద్దాం."
వాడి వయసులో నేనూ అంతే,
మొదట దొరికిన వాణ్నే దొంగ అనేవాణ్ని.
మూడోదాని కాయిల్ తీసి ఒకటోదానికి పెట్టించాను.
అయినా మూడో ఇంట్లోనే పొయ్యి వెలగలేదు.
కాయిల్ నిర్దోషి.

ప్లగ్గులు నాలుగూ గుడ్డ మీద పరిచాం.
తక్కిన వాటికి ఇటుకరంగు మసి,
కష్టం చేసుకునే వాళ్ళ గోళ్ళలా.
మూడోది మాత్రం
తలంటుకుని పెళ్ళికి బయల్దేరినట్టుంది.
"ఇదొక్కటే బాగుంది" అన్నాడు జాబా.
"నిప్పులో పనిచేసేదానికి ఇంత శుభ్రం ఎక్కడిదిరా?
ఎవరో కడుగుతున్నారు దాన్ని."

కింద చుక్క లేదు. గొట్టాలు పొడి.
ఆయిల్ మూత అడుగున మీగడ లేదు.
నీళ్ళు మాత్రం తగ్గుతున్నాయి.
పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి వాసన చూశాను:
తెల్లటి ఆవిరి,
పాకం అడుగంటబోయే ముందరి తీపి.

పంపుతో ఒత్తిడి ఎక్కించి, టీ తాగుతూ కూర్చున్నాం.
కునుకు పట్టిన తలలా
ముల్లు కొంచెం కొంచెం వాలింది.
సన్న కెమెరా దింపితే
పిస్టన్ నెత్తిన పచ్చటి బొట్టు, వణుకుతూ.
నిప్పుకీ నీటికీ మధ్య గోరుమందం రేకు,
ఎక్కడో వెంట్రుకవాసి పట్టు వదిలింది.
ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈశ్వరుడికి టీ తాగేంత తీరిక లేదేమో.

నీళ్ళ డబ్బా మీది మురికి తుడవబోతే
గుడ్డ కింద మార్కర్ గీతలు.
సన్నగా, పక్కన తేదీలు.
అక్టోబర్ నాలుగు. అక్టోబర్ ఇరవై ఆరు.
నవంబర్ పది. నవంబర్ ఇరవై. నవంబర్ ఇరవై ఏడు.
ఆ తర్వాత ఏమీ లేదు.

"ఒతియా రాత" అంది ఎతేరి.
"భోజనాలయ్యాక కిందికి దిగేవాడు.
బానెట్ మూసిన చప్పుడు వినపడేది.
మానేశానని ఒట్టేసినవాడు
దొంగచాటుగా సిగరెట్ కాలుస్తున్నాడనుకుని
తలుపు గడియ పెట్టేశాను ఒకసారి.
నలభయ్యో రోజు దాకా బండి కదల్లేదు.
మొన్ననే మళ్ళీ తీశాను."

ఇరవై రెండు రోజులు, పదిహేను, పది, ఏడు.
వేళ్ళ మీద లెక్కపెట్టాడు జాబా.
మేం ఒక పూటంతా వెతికి పట్టిన జబ్బుని
ఆ మనిషి చలికాలం రాకముందే పట్టాడు.
చెప్పలేదెందుకో.
మరమ్మతు ఖర్చుకి జడిశాడో,
తన లోపల తరుగుతున్న లెక్క
ఇంకొకటి దాస్తున్నాడో.
నా షెడ్డులో తేలే విషయం కాదది.

హెడ్ విప్పి చదును చేయించాం.
కొత్త గాస్కెట్ పరిచి
బోల్టులు మధ్యనుంచి బయటికి,
మూడు విడతలుగా బిగించాం. నాలుగు రోజులు పట్టింది.
డబ్బా పసుపెక్కింది, మార్చేద్దామంటే
"పగల్లేదు కదా" అంది.

నింపాక, నేను చెప్పకుండానే
జాబా మార్కర్ తెచ్చి ఆమెకిచ్చాడు.
కాసేపు అలా పట్టుకుని నిలబడి
పాత గీతలన్నిటికీ పైన
ఒక గీత గీసింది, వంకరగా.
ఇవాళ తేదీ ఎంతని నన్నడిగింది.