మూడో సముద్రం

రెండు సముద్రాలని ఈ దేశం పేరుకు అర్థమట.
మూడోది సిత్రాల,
టైర్ల గోడౌను వెనక గోడకు,
పద్నాలుగో నంబరు కెమెరాల ఉన్నది.
అరచెంచెడు.

ఆగస్టు. తెల్లారగట్ల నాలుగు.
గాలిని పిండితే బకెట్ నిండేటట్టున్నది.
సూపర్‌వైజర్ బిజుమోన్ ఫోన్:
"పద్నాలుగు తెల్లగైంది, పో."
తెల్లగంటే పాలతెలుపు కాదు,
ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు
కండ్లద్దాల మీదికొచ్చే తెలుపు.
చీకట్ల చూడనీకి కెమెరా
తన చుట్టూ ఎర్రదీపాలు ముట్టించుకుంటది.
ఆ వెలుగు లోపలి చుక్కలకు తాకి
మళ్ళ దాని కంట్లెనే పడుతది.
తన దీపంతోటే తాను గుడ్డిదైతది.

నిచ్చెన పట్టింది తొఫజ్జల్, రాత్రి కావలి.
బరిసాల్ మనిషి. నీళ్ళ సంగతి నాకు చెప్పకు అంటడు.
"వాన పడలే గదా, నీళ్ళెట్ల జొచ్చినయ్?"
జవాబియ్యలే.
మూత స్క్రూలు నాలుగూ బిగుతుగనే ఉన్నయ్.
రబ్బరు చుట్టు ఎక్కడా చిట్లలే.
కేబుల్ పొంటి పాకొచ్చిందా అని తడిమిన,
పొడి.

అప్పుడు యాదికొచ్చింది.
పన్నెండుకు బయటిపని బంద్, ఎండల కానూను.
తొమ్మిది రోజుల కింద ఇదే కెమెరా అద్దం తుడిచి
పదకొండు యాభైకి మూసిన,
చెమట కండ్లల్ల పడుతుంటే, గబగబ.
మంచిగ బిగించిన. చానా మంచిగ.
ఆ పూట గాలిని, దాంట్లున్న సముద్రాన్ని
ఒక్క చుక్క బయటికి పోకుండ బిగించిన.
పగలంతా అది కనబడలే.
రాత్రి అద్దం సల్లబడంగనే
గోడకానుకొని కూసున్నది.

నీళ్ళు రాలే తొఫజ్జల్,
నేనే పెట్టి మూత ఏసిన.
నోట్లె అనుకున్న, పైకనలే.

విప్పి, అంగీల చుట్టి, రూముకు తెచ్చిన.
ఏసీ గాలి పొడిగుంటది,
మూస్తే దాంట్లనే మూయాలె.
తేమ గుంజే గింజలు గులాబిరంగుకు తిరిగినయ్,
కడుపునిండ తాగినయన్నట్టు.
వంటకు పనికిరాని పాత పెనం మీద పోసి
సన్నమంట పెట్టిన.
లస్మన్న దుప్పట్లకెంచి తల తీసి
"ఏం ఏంచుతున్నవ్ రా, మక్కలా?" అన్నడు.
వాసన లేదని మళ్ళ పండుకున్నడు.
గింజ గింజా నీలం తిరిగేదాక
కలుపుకుంట కూసున్న.
మా దిక్కు మొగులు నల్లబడితే నీళ్ళు,
ఇక్కడ నీళ్ళు పోతెనే నీలం.

మూత డబ్బాల సల్లారనిచ్చి కొత్త సంచిల పోసిన.
గ్రీజు ఏలితో రాసి,
రబ్బరు కూసున్నదా లేదా
గోటితో చుట్టూ ఒకసారి, మళ్ళొకసారి.
ఈసారి తొందరేం లేకుండె.

మళ్ళ నిచ్చెన. మళ్ళ గోడ.
కేబుల్‌ను కెమెరా కంటె కిందికి
ఉయ్యాల లెక్క వంచి కట్టిన,
పారే చుక్క ఆడనే రాలిపోవాలె, పైకెక్కొద్దని.

బిజుమోన్ కాయితం ముంగట పెట్టిండు.
'కారణం' అని ఒక గీత,
బెత్తెడు కూడ లేదు.
రబ్బరు పాతది, అని రాసిన.
రబ్బరు ఏమనలే.

రికార్డు ఎనకకు తిప్పి చూస్తే
తొమ్మిది రాత్రులూ తెలుపే.
తొఫజ్జల్ ఒక్కనాడు ఫోన్ చేయలే.
నేను అడగలే.

ఈ రాత్రి ఒకటిన్నరకు తెర ముంగట కూసున్న.
పద్నాలుగుల టైర్లు ఒక్కోటి లెక్కపెట్టొచ్చు,
దేనికి గాలి లేదో, దేనికి మట్టంటిందో.
కుర్చీల తొఫజ్జల్.
ఏసీ డబ్బాలకెంచి అప్పుడే బయటికొచ్చినట్టున్నడు,
కండ్లద్దాలు తీసి అంగి అంచుతో తుడుస్తున్నడు.
పెట్టుకున్నడు. తల పైకెత్తి
సీదా నా మొఖంలకు చూసిండు.
వాకీటాకీ గరగరమన్నది.
"కనబడుతున్ననా?"
"ఆఁ, కనబడుతున్నవ్."

కొద్దిసేపు ఊకున్నడు.
తర్వాత వంగి
కుర్చీ కింద చెయ్యితో దేవులాడి
చెప్పులు తొడుక్కున్నడు.