పదకొండు రోజులు

ఆ నెల డబ్బులు గ్యాస్ సిలిండర్లకే సరిపోయాయి.
"వచ్చే సోమవారం కడదాంలే" అన్నాను.
మారతహళ్లిలో మా కర్రీ పాయింట్,
గుత్తివంకాయ, గోంగూర పప్పు మోసే పాత ఓమ్ని.
తేదీ దాటిందని దానికేం తెలుసు?
మామూలుగానే స్టార్టయింది.

పదకొండో రోజు, ఇంకా తెల్లారకముందే,
కె.ఆర్. మార్కెట్ మలుపులో
కనకాంబరాల గంపతో అడ్డొచ్చాడు మునిచిన్నప్ప.
కాదు,
అడ్డొచ్చింది నేనే.
ఈ మాట కోర్టులో చెప్పలేదు.

మేయో హాల్లో కంపెనీ లాయరు లేచి
ఒక్క వాక్యం చదివి కూర్చున్నాడు:
"ఆ తేదీన పాలసీ అమల్లో లేదు."
నాలుగు లక్షల ఎనభై వేలు, పైన వడ్డీ,
నా పేరున. నా ఒక్కడి పేరున.
జరిమానా వేరే, అది చిల్లర.

ఓమ్ని అమ్మితే మోకాలిచిప్ప ఆపరేషనుకే చాలలేదు.
కొట్టు ఖాళీ చేసి పది నెలల అడ్వాన్సు వెనక్కి తెచ్చాం.
ఇప్పుడు వంటంతా ఇంట్లోనే,
పిల్లలకి పోపు వాసనలో హోంవర్కు.

ప్రతి ఐదో తారీఖున
కలాసిపాళ్యంలో ఆ ఇరుకు మెట్లెక్కుతాను.
కాలీడ్చుకుంటూ వచ్చి తలుపు తీస్తాడు,
వేలు తడుపుకుని నోట్లు లెక్కపెడతాడు,
"ఊట ఆయ్తా?" అంటాడు.
వీధి వీధంతటికీ కూరలమ్మినవాణ్ణి,
ఏం చెప్పాలో తోచక తలూపుతాను.

కిందికొచ్చి ఆటో పిలిచాను మొన్న.
ఎక్కబోతూ అడిగాను:
"ఇన్సూరెన్స్ ఇదియా?"
కుర్రాడు, పాతికేళ్లుండవు, నవ్వాడు.
"సోమవార కట్తీని సార్, హత్తి."

మారతహళ్లి బస్సు
గంటన్నరకి గానీ రాలేదు.